తాతయ్య తిరగేసిన జపాన్ పుస్తకం

నా చిన్నప్పుడు, అంటే ఇంటర్నెట్ కావాలంటే ఉప్పల్ చౌరస్తా దాకా నడిచిపోయి గంటల లెక్కన కుర్చీ అద్దెకు తీసుకోవలసిన రోజుల్లో, ఒక నెలన్నర పాటు నాకు ఏదీ సరిగ్గా అర్థం కాలేదు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆ వయసులో అర్థం కానివి ఎన్నో ఉంటాయి. కానీ నేను చెప్పేది కళ్ళ ముందున్న రాత ఏ మూల నుంచి మొదలవుతుందో కూడా తెలియని తికమక. దాన్ని విప్పింది మా తాతయ్య. విప్పాక నా తికమక తగ్గిందా అంటే, నిజం చెప్పాలి, ఇంకాస్త పెరిగింది.

నాచారంలో ఒకే వాకిలిని పంచుకునే గదుల వరసలో మాది మొదటిది. అమ్మా నాన్నా పొద్దున్నే పనులకు పోతే నన్ను చూసుకునేది తాతయ్యే. ఆయనది జనగామ దిక్కు పల్లె. పడుచువయసులో అరక వదిలి వచ్చి మౌలాలి రైల్వే యార్డులో ఖలాసీగా చేరాడు. నలభై ఏళ్ళు వ్యాగన్లు కలుపుతూ, విడదీస్తూ అక్కడే రిటైరయ్యాడు. మా వాకిలి మొత్తానికి ఒకే పేపరు వచ్చేది. అది ముందు తాతయ్య చేతిలో పడాలి, ఆ తర్వాతే మిగతా గదులకు. ఆయన అరుగు మీద కూర్చుని, పేపరు విప్పి, ఒక్కో పేజీ నిదానంగా తిప్పి, చివరికి అద్దాలు తీసి పంచెతో తుడిచేవాడు. "అద్దాలు మసకైనయ్ బిడ్డా, జర సదువు" అనేవాడు.

నేను చదివేదాన్ని. చదివేదాన్ని అంటే, ఎగ్గొట్టేదాన్ని. బడికి ముందు దొరికే ఆ అరగంటలో నాకు తొక్కుడుబిళ్ళ ఆట ఉండేది. అందుకని పెద్ద వార్తను రెండు ముక్కల్లో ముగించి, మిగతావన్నీ సినిమా యాడ్లే తాతయ్యా అని లేచేదాన్ని. ఒకరోజు ఇంకో అడుగు ముందుకేసి ఉప్పల్ చెరువులో మొసలి దొరికిందని చదివాను. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, తాతయ్య ఆ వార్తను టీ హోటలుకు మోసుకుపోయాడు. ఇద్దరు ముసలి దోస్తులను వెంటేసుకుని చెరువు దాకా నడిచి వెళ్ళి, చెప్పులకు బురదతో మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. నన్ను ఏమీ అనలేదు. నేను పడీ పడీ నవ్వుకున్నాను. తాతయ్య పేపరు చూసే ఉంటాడు కదా, తెలిసే సరదాకు వెళ్ళాడేమో అనుకున్నాను.

మా పక్కింటి అక్క ఇంటర్ పాసై, మందుల అట్టపెట్టెలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి పోయేది. వాళ్ళ నాన్న లేడు. వాళ్ళమ్మ హబ్సిగూడలో ఒక సైంటిస్టు సారు ఇంట్లో వంట చేసేది. ఆ ఏడు సారుకు విశాఖపట్నం బదిలీ అయింది. వాళ్ళు వెళ్ళిపోతే వంటపనీ పోయినట్టే. అక్కది కాంట్రాక్టు పని, దసరాకు అయిపోతుంది. ఆ తర్వాత కిరాయి కట్టి ఇక్కడ ఉండేదేముంది, ఆలేరు దగ్గర మన ఊరికి పోయి కూలికి పోదాం అని వాళ్ళమ్మ గిన్నెలు మూటగట్టడం కూడా మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీలోకి ఒక జపాన్ మిషన్ దిగింది. అట్టను మడిచి, అంటించి, పెట్టెగా చేసి బయటకు తోసే మిషన్. సెకండ్ హ్యాండ్‌ది. మీటల పక్కన రాతలన్నీ వాళ్ళ భాషలోనే. ఓనరు చవకగా వచ్చిందని కొన్నాడు గాని, చదివేవాళ్ళు ఎవరన్నది ఆలోచించలేదు. బిగించడానికి మనిషి రావడానికి నెలన్నర పడుతుందట. ఈలోపు ఆ రాతలు ఎవరైనా నేర్చుకుంటే వాళ్ళనే మిషన్ మీద పర్మనెంటుగా పెడతామని సూపర్‌వైజర్ అన్నాడు. ఆయన సగం నవ్వులాటకే అన్నాడని అందరూ నవ్వి వదిలేశారు. మా అక్క ఒక్కతే దాన్ని మనసులో పెట్టుకుంది.

జపాన్ భాష ఎక్కడ నేర్పుతారు? సిటీలో ఒక చోట నేర్పుతారని తెలిసి వెళ్ళి అడిగితే, వాళ్ళు చెప్పిన ఫీజు విని అక్క బస్సెక్కి వెనక్కి వచ్చేసింది. అక్కడి నుంచి మా వేట మొదలైంది. అక్కకు పొద్దుటి షిఫ్టు, రెండింటికల్లా ఇంటికి వచ్చేది. నేను బడి నుంచి రాగానే పుస్తకాల సంచి పడేసి ఆమె గదిలో చేరేదాన్ని. ఇంటర్నెట్ సెంటరులో ఒక గంట కూర్చుని ఒకే ఒక్క కాగితం ప్రింటు తీయించుకుంది అక్క. అక్షరాల పట్టిక అది. పక్కన ఇంగ్లీషులో పలుకు ఉంది. అక్క దానికి తెలుగు పలుకు రాసుకుంటూ ఒక్కసారిగా ఆగి, "ఇది మన గుణింతమే గద! క, కి, కు, కె, కొ. ఇగ భయమేంది?" అంది.

ఆ సంతోషంలో ఇద్దరం వాకిలంతా తిరిగి పాత పెళ్ళి కార్డులు అడుక్కొచ్చాం. మేకుకు గుచ్చినవి, బీరువా పైన దుమ్ముపట్టినవి, పెళ్ళయి పిల్లలు పుట్టినవాళ్ళవి కూడా. పేక ముక్కల సైజులో కత్తిరించి, అచ్చు లేని వైపు జపాన్ అక్షరం, వెనక మిగిలిన ఖాళీలో తెలుగు పలుకు రాశాం. పసుపు బొట్లూ సగం తెగిన వినాయకులూ ఉన్న ఆ ముక్కలతో రోజూ పేకాట ఆడినట్టు ఆడేవాళ్ళం. పది రోజుల్లో పట్టిక మొత్తం వచ్చేసింది నాకు. అక్కకు నాకన్నా ముందే వచ్చింది. ఒకే పలుకుకు రెండు రకాల అక్షరాలు ఎందుకో మాత్రం ఇద్దరికీ తెలియలేదు. వాళ్ళు తెలివిగలవాళ్ళు, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని దాచుకున్నారేమో అనుకున్నాం.

అక్షరాలు వస్తే సరిపోదు, చదవడానికి ఏదైనా ఉండాలి. అప్పుడే అక్క వాళ్ళమ్మ ఒక కబురు తెచ్చింది. సారు పూర్వం కొన్నాళ్ళు జపాన్‌లో పనిచేశారట. వాళ్ళబ్బాయి అక్కడే ఒకటో తరగతి చదివాడట. ఆ పుస్తకం ఇంట్లో ఉంది. ఆదివారం అక్కా నేనూ వెళ్ళేసరికి ఇల్లంతా అట్టపెట్టెలు, సామాను. సారు ముందే వెళ్ళిపోయారు. మేడమ్ ఆ హడావుడిలోనే పుస్తకం వెతికి తీసి ఇచ్చింది. "సాయంత్రానికి తెచ్చేయండమ్మా, వాడి చిన్నప్పటి గుర్తు అదొక్కటే ఉంది. అందులో ఏముందో నాకూ తెలీదు" అంది.

దారిలో కనబడ్డ మొదటి జిరాక్స్ షాపుకు పరుగెత్తాం. డబ్బులు మిగులుతాయని అట్టలు వద్దన్నాం, రంగు వద్దన్నాం. జిరాక్స్ అన్న చాలా ఓపికగా రెండు వైపులా తీసి, వరసగా పేర్చి, అందరికీ వేసినట్టే ఎడమ పక్కన స్పైరల్ వేసి ఇచ్చాడు. పుస్తకం కాగితం కన్నా కాస్త పొడుగు, కింద అంచు పోయింది. మేం పట్టించుకోలేదు. అట్టా లేదు, పేజీ నంబరూ లేదు. అయినా ఉన్న ఆస్తంతా మా చేతిలో ఉన్నట్టు దాన్ని పొట్టకు హత్తుకుని నడిచాను నేను. మర్నాడు మేడమ్ వాళ్ళు విశాఖపట్నం వెళ్ళిపోయారు. ఇక అడగడానికి ఎవరూ లేరు.

మొదటి పేజీ తెరిచాం. తల తోక తెలియలేదు. మా పట్టికలో లేని, చిన్న చిన్న ఇళ్ళు కట్టినట్టున్న గీతలు పేజీ నిండా. మధ్య మధ్యలో మాకు తెలిసిన అక్షరాలు ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళలా బిక్కుబిక్కుమంటూ. రెండో పేజీ కూడా అంతే. ఒకటో తరగతి పిల్లలు ఇది చదువుతారా? ఆరేళ్ళ పిల్ల చదివేది ఇంటర్ పాసైన నాకు రావడంలేదేందని అక్క మొదట నవ్వింది. వారం తిరిగేసరికి నవ్వు మానేసింది. రోజూ మొదటి పేజీ దగ్గరే కూర్చునేవాళ్ళం. మొదటిది రాకుండా రెండోదానికి ఎట్లా పోతాం? మా బడిలో మాకు నేర్పింది అదే. నాకు లోపల్లోపల ఒక అనుమానం కూడా మొదలైంది. బహుశా మనలాంటివాళ్ళకు రాకుండా ఉండాలనే ఈ భాషను ఇట్లా చేశారేమో అని.

మిషన్ బిగించే మనిషి వచ్చేందుకు మూడు వారాలుందనగా, ఒక సాయంత్రం అక్క ఆ పుస్తకం తెచ్చి మా అరుగు మీద తాతయ్య పక్కన పెట్టింది. కూర్చోలేదు కూడా. "మీ పొయ్యిల ఏసుకోండ్రి తాతా. నాతోని కాదు. సదువు రానోళ్ళ లెక్కనే అయిన" అంది. కళ్ళలో నీళ్ళు మాత్రం లేవు. పక్క గదిలో వాళ్ళమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది.

తాతయ్య పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. నేను తెలివిగలదాన్ని కదా, వెంటనే అన్నాను, నీకేం తెలుస్తది తాతయ్యా, అది జపాన్ భాష అని. ఆయన నావైపు చూడలేదు. అక్కనే చూస్తూ చెప్పాడు.

"సదువు రాకుంటే ఏమైతది బిడ్డా? నాకు ఏ సదువు రాదు. తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు. సంతకం అంటవా, అది బొమ్మ. నేర్పిన్రు, గీస్త. గట్లనే నలభై ఏండ్లు రైళ్ళను సూసుకున్న."

నాకు ఆ మాట ఒక్కసారికి ఎక్కలేదు. రోజూ పేపరు తిప్పే తాతయ్యకు చదువు రాకపోవడమేమిటి? అద్దాల సంగతేమిటి? ఆయన మాత్రం ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పి, పేజీలు తిప్పడంలో పడ్డాడు. పేపరు తిప్పినట్టే నిదానంగా. ఒక చోట ఆగాడు. కొన్ని పేజీలు దాటి మళ్ళీ ఆగాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. అక్కా నేనూ ఆ పుస్తకంలో అక్షరాలను తప్ప దేన్నీ చూడలేదు. ఆయనకు అక్షరాలు లేవు కాబట్టి బొమ్మలు చూశాడు.

అక్కడక్కడా ఒక పిల్ల, ఒక మట్టి కుండీ ఉన్నాయి. మొదట్లో ఒక పేజీలో ఆ పిల్ల ఎండిన కాయలు గిల్లి అరచేతిలో పోసుకుంటోంది. చాలా పేజీల తర్వాత అదే కుండీలో తీగ నిండా గరాటుల్లాంటి పూలు. ఇంకా తర్వాత రెండే రెండు ఆకులు. చిట్టచివర ఆ పిల్ల వేలితో మట్టిలో గుంట చేసి విత్తనం పెడుతోంది.

తాతయ్య ఆ నాలుగూ మాకు వేలు పెట్టి చూపించాడు. "కాయ ముంగట, పువ్వు ఎనుక, మొలక ఇంకెనుక, ఇత్తు ఆఖర్కి. జపాన్ల అయితేంది, ఏడన్న గట్ల పండుతదా బిడ్డా? ఈ బుక్కును ఉల్టా కుట్టిన్రు."

అని, పుస్తకాన్ని బోర్లా తిప్పి అక్క ఒడిలో పెట్టాడు. ఇప్పుడు స్పైరల్ కుడిపక్కకు వచ్చింది. అక్క తెరిచింది. ఆ పేజీలో ఒక పెద్ద బొమ్మ, పక్కన పై నుంచి కిందికి మూడంటే మూడు అక్షరాలు. మూడూ మా పెళ్ళికార్డుల మీద ఉన్నవే. తర్వాతి పేజీలో ఇంకొన్ని. అక్క చదువుతూ పోయింది. అర్థం తెలిసి కాదు, పలుకు మాత్రమే. అయినా ఒక పేజీ కాదు, రెండు కాదు, పొద్దు వాలేదాకా చదువుతూనే ఉంది. తర్వాత తాతయ్య భుజానికి తల ఆనించి ఏడ్చింది. ఇన్ని రోజులు రాని ఏడుపు అప్పుడు ఎందుకో నాకు తెలియలేదు. జపాన్ పుస్తకం మనకు ఆఖరి పేజీ అయిన వైపు నుంచి మొదలవుతుందని, మేం ఒక సంవత్సరం పుస్తకాన్ని పరీక్షల నుంచి మొదలుపెట్టి చదువుతున్నామని అర్థమవడానికే నాకు చాలాసేపు పట్టింది.

ఆ మూడు వారాలూ మాకు తాతయ్యే మాస్టారు. వినేవాళ్ళు నవ్వుతారు గాని, అదే నిజం. వ్యాగన్ల మీది రాతను ఆయన ఎన్నడూ చదవలేదట, ఆకారాన్ని గుర్తు పెట్టుకునేవాడట. ఈ ఆకారం ఉన్నది బొగ్గుది, ఆ ఆకారం ఉన్నది నూనెది అని. అదే పద్ధతిలో, మిషన్ మీటల పక్కనున్న రాతలను ఉన్నవి ఉన్నట్టు గీసుకు రమ్మన్నాడు అక్కను. మీట ఎక్కడుందో కూడా గీయమన్నాడు. అందులో మా పట్టికకు అందేవి కొన్ని. ఇళ్ళలాంటి గీతలు కొన్ని. వాటికోసం అక్క మళ్ళీ ఇంటర్నెట్ సెంటరుకు పోయి, ఒక్కోదాన్నీ బొమ్మకు బొమ్మ పోల్చి వెతుక్కుంది. దొరికినంత దొరికింది. ఏది ముందు నేర్చుకోవాలో తాతయ్య చెప్పాడు. మిషన్‌ను నడిపేది కాదు, ఆపేది.

ఇంకో మాట కూడా చెప్పాడు. నేను ఆ మాట విన్నప్పుడు తలుపు చాటున పెళ్ళికార్డులు సర్దుతున్నాను. "తెల్వకుంటే తెల్వదని చెప్పు. సదివినట్టు చెప్పకు. యార్డుల ఒకడు తప్పు సదివి చెప్తే వ్యాగన్ తప్పు లైనుకు వొయేది. నమ్మినోళ్ళు ఆ లైను మీద నిలవడి ఉంటరు."

నాకు మొసలి గుర్తొచ్చింది. ఆయన చెప్పుల బురద గుర్తొచ్చింది. పడీ పడీ నవ్వుకున్న నేను గుర్తొచ్చాను. మా బడి గోడ మీద విద్య లేనివాడు వింత పశువు అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. నేను దాన్ని చూచిరాతలో ఎన్నోసార్లు అందంగా రాసి శభాష్ అనిపించుకున్నాను. ఇంతకీ ఎవరు ఆ పశువు? తాతయ్యా, నేనా? ఇంకో ప్రశ్న కూడా పీకింది. చదివినట్టు చెప్పకు అని అక్కకు చెప్పే మనిషి, రోజూ పేపరు పట్టుకుని చదివినట్టు ఎందుకు కూర్చుంటాడు? అడగాలంటే భయమేసింది. అడిగితే ఆయనలో ఏదో విరిగిపోతుందేమోననిపించింది.

మిషన్ బిగించిన రోజు సూపర్‌వైజర్ నిజంగానే పరీక్ష పెట్టాడట. ఐటీఐ చదివిన ఇద్దరబ్బాయిలు కూడా నిలబడ్డారట. వాళ్ళు ఒక్కో మీటనూ ఊహించి టకటకా చెప్పేశారట. అక్క ముందు ఆపే మీట చూపించింది. తర్వాత నడిపేది, అట్ట ఎక్కించేది, జిగురుది. సగానికి పైగా చెప్పింది. ఒక ఎర్ర మీట దగ్గర మాత్రం ఆగి, ఇది తెల్వదు సార్, తెల్సేదాకా ముట్టను అంది. బిగించడానికి వచ్చిన మనిషి తలెత్తి చూశాడట. అంతకుముందు ఆ అబ్బాయిలు దాన్ని లైటు మీట అన్నారు. అది కోసే బ్లేడును కిందికి దింపేదట. సూపర్‌వైజర్ ఇంకేమీ అడగలేదు. "రేపట్నుంచి నువ్ ప్యాకింగ్ దిక్కు పోవద్దు" అన్నాడట. ఇదంతా అక్క వాకిట్లో నిలబడి ఒకే ఊపిరిలో చెప్పింది. వాళ్ళమ్మ లోపలికి పోయి మూట విప్పి గిన్నెలు మళ్ళీ అరలో పెట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మర్నాడు పొద్దున తాతయ్య ఎప్పటిలాగే అరుగు మీద కూర్చున్నాడు. పేపరు విప్పాడు. ఒక్కో పేజీ నిదానంగా తిప్పాడు. నేను ఎదురుగా నిలబడి ఏం చేయాలో తోచక చూస్తున్నాను. ఆయన తన గుట్టు నా ముందే విప్పాడు కదా, ఇవాళ ఏమంటాడు? అద్దాలు తీశాడు. పంచెతో తుడిచాడు. అదే మాట అన్నాడు, అద్దాలు మసకైనయ్ బిడ్డా, జర సదువు అని. పక్కింటి అక్క బతుకు కోసం ఒక్కసారి విప్పిన గుట్టును మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడన్నమాట. నేను కూర్చుని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాను. వార్తలయ్యాయి, ధరలయ్యాయి, టెండర్ల ప్రకటనలు కూడా చదువుతున్నాను. చివరికి ఆయనే, సాలు బిడ్డా, బడికి ఆలస్యమైతది అన్నాడు. తొక్కుడుబిళ్ళ ఆట ఆ రోజుతో పోయింది.

చాలా ఏళ్ళ తర్వాత, ఆయన మంచం పట్టినప్పుడు, ధైర్యం చేసి మొసలి సంగతి ఎత్తాను. అబద్ధమని అప్పుడే తెలుసా అని అడిగాను. తాతయ్య కాసేపు గుర్తు తెచ్చుకుని, "నువ్వు సదివినవ్ గద బిడ్డా. నేను నమ్మిన" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఇప్పుడు నా జుట్టులోనూ తెల్లవెంట్రుకలు వచ్చేశాయి. ఒక దవాఖానాలో కౌంటరు దగ్గర నా ఉద్యోగం. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టవలసిన కాగితాలు నా కిటికీలోంచే వెళ్తాయి. జపాన్ అక్షరాలు చాలా మట్టుకు మర్చిపోయాను. ఏదైనా అర్థం కాకపోతే తిప్పి రెండో వైపు నుంచి చూసే అలవాటు మాత్రం పోలేదు. ఇంకొక అలవాటు కూడా ఉంది. ఎవరో ఒక పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, జేబులు తడుముకుని, అద్దాలు ఇంట్లో మర్చిపోయిన బిడ్డా అంటాడు. వెనక లైను ఎంత ఉన్నా సరే, నేను ఆ కాగితం తీసుకుని, ఒక్క వరస కూడా వదలకుండా, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపిస్తాను.